వేగం – వివేకం

ఇరవయ్యేళ్ళ వయస్సులో వేగం పట్ల మక్కువ లేనివారు అరుదు. క్రొత్త మోటారుసైకిలు ఇంటికి వస్తే పెద్దలు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడుగుతారు, మేము ఎంత స్పీడు పోతుందని అడుగుతాము. ఈ మక్కువను నిందించడం మా ఉద్దేశం కాదు. ఆటస్థలంలో పరుగెత్తేవాడు పడితే అతని మోకాలే చిట్లుతుంది. పదిమంది నడిచే రోడ్డు మీద వేగం మాత్రం ఒకరి సొంత వ్యవహారం కాజాలదు. ఈ భేదాన్ని గురించియే నాలుగు మాటలు వ్రాయదలచినాము.

2019 నవంబరు 4వ తేదీన హైదరాబాదులో గచ్చిబౌలి సమీపాన, బయోడైవర్సిటీ కూడలి వద్ద ఒక క్రొత్త ఫ్లైఓవర్ ప్రారంభమైనది. దానిపై మలుపు ఉన్నందున గంటకు 40 కిలోమీటర్లు మించరాదని నిబంధన. మూడు వారాలైనా నిండకముందే, నవంబరు 23న, దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారొకటి ఆ మలుపు తిరగలేక అంచు గోడను దాటి క్రింది రోడ్డు మీద పడింది. క్రింద రోడ్డు ప్రక్కన నిలిచియున్న ఒక స్త్రీ ప్రాణాలు కోల్పోయినది. కారు నడిపినవాడు బ్రతికినాడు. ఆమె ఏ పందెమూ కాయలేదు, ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు. ఆకాశం నుండి కారు పడుతుందని ఎవరు మాత్రం ఊహించగలరు? తరువాత ఆ వంతెనను కొంతకాలం మూసివేసి, వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచారు.

అతివేగాన్ని ధైర్యమని పొగిడే మిత్రులు మాకూ ఉన్నారు. తన ప్రాణాన్ని పణంగా పెట్టేవాణ్ణి ధైర్యవంతుడనవచ్చునేమో గాని, దారిన పోయేవారి ప్రాణాన్ని వారినడగకుండానే పణంగా పెట్టేవానికి ఉర్దూలోనూ తెలుగులోనూ వేరే పేర్లున్నవి. వాటిని కళాశాల పత్రికలో అచ్చువేయలేము.

భౌతికశాస్త్రం చదివే మిత్రులకు ఒక లెక్క. వేగం రెండింతలైతే వాహనంలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 14 మీటర్లు, 100 కిలోమీటర్లతో పోయేది 28 మీటర్లు దాటుతుంది. ఎదుట ఒక బాలుడు కనిపించి, కాలు బ్రేకు మీద పడే లోపలే ఆ దూరం గడచిపోతుంది. బ్రేకు పట్టిన పిమ్మట ఆగడానికి పట్టే దూరం మరల నాలుగింతలు. చార్మినార్ మీనారు కొన నుండి రాయిని జారవిడిచితే అది నేలను తాకేనాటికి గంటకు 110 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. రాత్రివేళ ఖాళీ రోడ్డు మీద కొందరు యువకులు సరదాకు అందుకునే వేగం ఇంచుమించు అదే.

ఈ నగరపు బిడ్డ, భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడు మహమ్మద్ అజహరుద్దీన్ గారి కుమారుడు 2011 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మీద శక్తివంతమైన మోటారుసైకిలు అదుపుతప్పి తీవ్రంగా గాయపడి, కొద్ది రోజులకు ఆసుపత్రిలో మరణించాడు. వయస్సు 19. వెంట ఉన్న బంధువుల బాలుడూ దక్కలేదు. ఏ లోటూ లేని ఇంట జరిగిన ఈ నష్టాన్ని అప్పుడు పాతబస్తీ ఇళ్ళన్నీ తమ ఇంటి కష్టంగా చెప్పుకున్నవి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో నూటికి 71 మంది మరణానికి అతివేగమే కారణమని అదే నివేదిక తేల్చింది. ఇంత చేసి మిగిలేదేమిటి? పది కిలోమీటర్ల దారిని 50 బదులు 80 వేగంతో పోతే మిగిలేది నాలుగున్నర నిమిషాలు. అదీ దారిలో ఒక్క ఎర్ర దీపమూ లేకపోతేనే! 'జల్దీ కా కామ్ షైతాన్ కా' అని మా నానీలు చెప్పేవారు. 'ఆలస్యం అమృతం విషం' అన్న తెలుగు సామెత మాత్రం ఈ విషయంలో మాకు సహాయపడేటట్టు లేదు.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాము. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారకులైనవారికి పూర్వం రెండేళ్ళ వరకు ఉన్న శిక్ష 2024 జూలై 1 నుండి అయిదేళ్ళ వరకు పెరిగింది.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన స్టాండులో బండి పెట్టే ప్రతి విద్యార్థి లైసెన్సును చూసి, ఒక రిజిస్టరులో నమోదు చేయించవలసిందిగానూ, లైసెన్సు లేనివారి తల్లిదండ్రులకు ఉర్దూలోనో తెలుగులోనో ఉత్తరం పంపవలసిందిగానూ ప్రార్థిస్తున్నాము. ఇందుకయ్యే ఖర్చు ఒక పుస్తకం, కొన్ని తపాలా బిళ్ళలు. కాపలాదారు ఒక్కరికే భారమైతే, ఉదయం తొమ్మిది నుండి పది వరకు ఆయన ప్రక్కన వంతులవారీగా కూర్చొని వ్రాయడానికి మేము సిద్ధంగా ఉన్నాము.