లక్కచెట్టు ఎక్కడ?

మా బౌద్ధనగర్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి పొద్దున్నే షికారు వెళ్ళడం నాకూ మా అమ్మాయికీ అలవాటు. ఆవేళ దాని చేతిలో ఏటికొప్పాక బొమ్మ ఉంది.

"లక్కచెట్టు ఎక్కడుంది, నాన్నా?" అంది.

తెలుగు ఎం.ఏ. వాణ్ణి, తెలియదంటే పరువు పోదూ? "జపానులో. దాని పాలే లక్క" అనేశాను.

1939లో వెలిసిన ఆర్ట్సు కాలేజీ మెట్ల దగ్గర వృక్షశాస్త్రం మేష్టారొకాయన తగిలారు. సంగతి విని ఫక్కున నవ్వారు.

"రెండూ కలిపేశారండీ! మన లక్క చెట్టుపాలు కాదు; మోదుగ, రేగు కొమ్మలమీద లక్కపురుగులు స్రవించే జిగురు. వేడికి కరుగుతుంది. తరిణె మీద తిరిగే అంకుడు కర్రకు ఒత్తితే రాపిడి వేడికే అంటుకుంటుంది. జపానువారి ఉరుషి చెట్టు పాలు వేరు. అవి తేమగాలిలో గట్టిపడతాయి. ఆపైన వేడికి కరగవు. అందుకు పాలలోని ఎంజైమే కారణమని 1883లో యోషిదా కనిపెట్టాడు. పచ్చిపాలు తగిలితే మాత్రం ఒళ్ళు పొక్కుతుంది."

"అలాంటి చెట్టు మనకు లేదా?"

"లేకేం! పూర్వం చాకళ్ళు బట్టలకు గుర్తులు పెట్టిన నల్లజీడి దాని చుట్టమే. రసం గాలికి నల్లబడుతుంది, ఉతికినా పోదు. జీడిమామిడీ, మామిడీ ఆ కుటుంబానివే."

అమ్మాయి పెదవి తడుముకుంది. క్రితం వేసవిలో పచ్చి మామిడికాయ కొరికితే దాని మూతి పొక్కింది. వేడిచేసిందని మజ్జిగ తాగించాను! అది సొన చేసిన పని.

తార్నాక మీదుగా ఇంటికొచ్చి మామిడికాయ ముచ్చిక కోసి, సొన కార్చి, కడిగి, తొక్క తీసి ఇచ్చాను.

"ఇది లక్కచెట్టుకు చుట్టమా, నాన్నా?"

"కాదమ్మా, ఉరుషికి" అన్నాను. ఈసారి పరువు దక్కింది.