వెదకేవాని కన్ను



మా అల్లవరం మండలంలో ఓడలరేవు వైపు వెళ్తే వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోటు కనబడుతుంది. ఆ తీరపు ఊళ్ళలో వేటకు వెళ్ళినవారికోసం ప్రార్థించడం ఎవరికీ నేర్పనక్కరలేదు. నేను ఈ ప్రాంతంవాడినే. అయితే సముద్రంలో ఆపద వస్తే మనిషికి ఏది అక్కరకు వస్తుందో నేను తెలుసుకున్నది పడవలో కాదు, విమానాల దగ్గర.

కొన్నేళ్ళు వైమానిక దళంలో సేఫ్టీ ఎక్విప్‌మెంట్ విభాగంలో పనిచేశాను. పైలట్లు ఒంటికి తగిలించుకొనే ప్రాణరక్షణ సామగ్రిని పరీక్షించడం, మడత పెట్టడం, రిజిస్టరులో సంతకం చేయడం మా పని. కోట్లు విలువచేసే విమానం కూలిపోయినప్పుడు పైలట్‌కు మిగిలేది ఆ కాస్త సరంజామాయే. తాడు లాగితే గాలి నిండే లైఫ్ జాకెట్, ఒక్కరికి మాత్రమే సరిపోయే చిన్న రబ్బరు పడవ, కత్తి, కట్టుగుడ్డలు, కొద్దిపాటి మంచినీళ్ళు, గాలం, దారం. వీటితోపాటు ఒక ఈల, నడుమ రంధ్రమున్న చిన్న అద్దం, నీళ్ళలో కలిపితే పచ్చగా పరచుకొనే రంగుపొడి, పగలు నారింజరంగు పొగ, రాత్రి ఎర్రని మంట ఇచ్చే గొట్టం, ఉపగ్రహానికి వార్త పంపే బీకన్.

ఈ సామగ్రి నాకు రెండు పాఠాలు నేర్పింది.

మొదటిది: ఒంటిమీద ఉన్నదే వెంట వస్తుంది. 1942 అక్టోబరులో ఎడ్డీ రికెన్‌బేకర్ అనే ప్రసిద్ధ అమెరికన్ వైమానికుడు, మరి ఏడుగురు ప్రయాణిస్తున్న విమానం దారి తప్పి, పెట్రోలు అయిపోయి పసిఫిక్ మహాసముద్రంలో దిగింది. ముందుగా సిద్ధపరచుకొన్న ఆహారం, నీళ్ళు ఆ తొందరలో విమానంలోనే ఉండిపోయాయి. రబ్బరు పడవల్లోకి చేరిన ఆహారం నాలుగు నారింజపండ్లు మాత్రమే! అయితే బార్టెక్ అనే యువ సైనికుని దగ్గర చిన్న క్రొత్త నిబంధన ఉంది. వారు పడవలను దగ్గరకు చేర్చుకొని, దానిని చదువుకొంటూ ప్రార్థించేవారు. రేపటినిగూర్చి చింతింపవద్దని ప్రభువు చెప్పిన మత్తయి 6వ అధ్యాయం వారికి అన్నపానములంత అవసరమైంది. ఎనిమిదవ రోజున ఒక సముద్రపు పక్షి వచ్చి రికెన్‌బేకర్ తలమీదనే వాలింది. దానిని పట్టుకొని అందరూ పంచుకొన్నారు, దాని పేగులను ఎరగా వేసి చేపలు పట్టారు. ఒకరు మరణించగా, ఏడుగురు మూడు వారాలకు పైగా సముద్రంమీద బ్రదికి బయటపడ్డారు.

రెండవది: ఆ సామగ్రిలో సగం తనను తాను రక్షించుకోవడానికి కాదు, వెదకేవారి కంట పడడానికే! ఈల ఎవరినీ తేల్చదు. అద్దం ఆకలి తీర్చదు. రంగుపొడి దాహం తీర్చదు. అయినా వాటిని అంత జాగ్రత్తగా ఎందుకు కడతారు? తనకోసం ఎవరో వెదకుతున్నారన్న నమ్మకంతోనే గదా! రికెన్‌బేకర్‌కోసం గాలింపు ఆపివేయబోతుంటే, ఇంకొక వారం వెదకించమని ఆయన భార్య అధికారులను బ్రతిమాలి ఒప్పించింది.

ఈ మాటలు నేనొకసారి మా సంఘంలో సాక్ష్యంగా చెప్పాను. కూడిక ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. 1996 నవంబరు 6వ తేదీ తుపాను మన కోనసీమను ఎలా ఊడ్చివేసిందో పెద్దవారికి జ్ఞాపకమే. వేటకు పోయిన ఎందరో తిరిగి రాలేదు. ఆమె భర్త కూడా వారిలో ఒకడు. శవమైనా దొరకలేదు. ఆమె అడిగింది:

“మీ ఇమానాలోళ్ళకి ఇన్ని కడతారు గదా బాబూ. మా ఆయన దగ్గర ఈలైనా లేదు. మరి దేవుడికి ఆయన అవుపడ్డాడంటారా?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అన్నీ ఉన్నవారు మాత్రం అందరూ దొరికారా? 2016 జూలై 22న తాంబరం నుండి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏ.ఎన్.-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు ఎంతగానో గాలించాయి. ఏడేళ్ళు దాటాక, 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనబడ్డాయని ప్రకటించారు. మనుష్యుల కన్ను అంతవరకే.

అప్పుడు 139వ కీర్తన తీసి ఆమెకు చదివి వినిపించాను. సముద్రపు అంచులకు పోయినా అక్కడ కూడ దేవుని చెయ్యి పట్టుకొంటుందనీ, చీకటి ఆయనకు చీకటి కాదనీ దావీదు సాక్ష్యమిచ్చాడు. “అమ్మా, అద్దం, ఈల మనుష్యులకోసం. వారికి మనం కనబడాలి. ఆయనకు అవేవీ అక్కరలేదు” అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, “అయితే చాలు బాబూ” అన్నది.

అంతమాత్రాన జాగ్రత్త విడువమని కాదు. పౌలు ఓడ బద్దలైనప్పుడు దేవుని వాగ్దానం ఉన్నా, 276 మందిలో ఈదగలవారు ఈదారు, మిగిలినవారు పలకలు పట్టుకొన్నారు (అపొ. కార్య. 27). మన వేటగాళ్ళకోసం ఇస్రోవారు తయారుచేసిన ఆపద సంకేత యంత్రం ఉంది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డువారికి కబురు అందుతుంది. 2024లో వచ్చిన కొత్తరకంలో, కబురు అందిందని పడవలోనివారికి తిరుగుజవాబు కూడా వస్తుంది. సహోదరులారా, అటువంటిది లేకుండా దూరం వెళ్ళకండి. లైఫ్ జాకెట్ పడవ మూలన పడవేయక ఒంటికి తొడుక్కోండి. సహోదరీలారా, పడవ కదలకముందే అడిగి చూడండి.

ఆత్మ విషయంలోనూ అంతే. అలమారులోని బైబిలు కష్టకాలంలో చేతికి అందకపోవచ్చు. హృదయంలో దాచుకొన్న వాక్యం ఆస్పత్రి మంచంమీదికైనా, నడిసముద్రానికైనా మనతో వస్తుంది. ఈ నెల మీ పిల్లలచేత ఒక్క కీర్తన కంఠస్థం చేయించండి. తప్పిపోయిన గొఱ్ఱె దొరకువరకు వెదకే కాపరి మన కాపరి. ఆయన కన్ను మన కుటుంబములమీద నిలుచును గాక. ఆమేన్.