రెప్పపాటు

నలభై నిండగానే పిలవకుండా వచ్చే చుట్టం చత్వారం. నాకూ వచ్చింది. క్లాసులో కళ్ళజోడుతో గడిచిపోతోంది గాని, చిక్కంతా ఫోనుతోనే. అక్షరాల సైజు పెంచుకోవచ్చునని మా అమ్మాయి చూపించింది. పెంచాను. వార్తలు హాయిగా కనిపించాయి. తీరా కరెంటు బిల్లు కట్టబోతే, నొక్కవలసిన బటన్ కాస్తా తెర దాటి అవతలికి పోయింది!

అక్షరాలు రెట్టింపు చేసినా విషయం గాని, పని గాని చెడరాదని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లోనే నియమం రాసిపెట్టింది. మన తెలుగుకు ఇంకో బాధ కూడా వుంది. వత్తులు కింద వేలాడతాయి, గుడులు నెత్తిన కూర్చుంటాయి. అక్షరం పెంచి వరుసల మధ్య ఎడం పెంచకపోతే వత్తు తెగిపోయి, "అన్నం" "అనం" అయి వూరుకుంటుంది. తెలుగు మాస్టారిని గనుక నాకది మరీ కష్టంగా తోస్తుంది.

ఎంతైనా నాది అద్దాలతో తీరే బాధ. మా బి.ఏ. క్లాసులో పుట్టుకతోనే చూపులేని కుర్రవాడొకడున్నాడు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అని ఒకటుంది. తెరమీద వేలు జరుపుతూ పోతే అక్కడున్నదాన్ని పైకి చదువుతుంది. దాంతో అతను పాఠాలు వింటాడు, ఇంటికి డబ్బు పంపుతాడు. అయితే తయారుచేసేవారు ప్రతి బటన్‌కూ లోపల పేరు రాయాలి. వట్టి బొమ్మ గీసి వదిలేస్తే ఫోను మాత్రం ఏం చదువుతుంది? "బటన్, బటన్" అంటుంది.

"వీధిలో ప్రతి గుమ్మానికీ 'ఇల్లు' అని బోర్డు కట్టినట్టుంది, మాస్టారూ!" అన్నాడొకరోజు.

ప్రజ్ఞా ప్రసూన్ గారి అనుభవం మరీ దారుణం. యాసిడ్ దాడికి గురైన ఆమె 2023లో బ్యాంకు ఖాతా తెరవబోతే, ఎదుట వున్నది మనిషేనని రుజువుకు కెమేరా ముందు రెప్పలార్పమన్నారు. రెప్పలార్పడమే ఆమె వల్ల కాదు. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు, ఇటువంటి సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. రెప్పపాటొక్కటే కాక వేరే దారీ వుండాలన్నది వాటిలో ఒకటి.

ఈ తీర్పు సంగతి క్లాసులో చెప్పాను. అందరూ వెళ్ళాక ఆ కుర్రవాడు ఆగాడు.

"పరీక్ష ఫీజు కట్టేచోట వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చెయ్యమంటున్నారు, మాస్టారూ. వినిపించే ఏర్పాటు లేదు. అది కూడా ఈ తీర్పు కిందికి వస్తుందా?"

గడువు శుక్రవారం. ఇద్దరం కూర్చుని అర్జీ రాయడం మొదలుపెట్టాం.