ఇఫ్తార్ వేళకు ఎన్ని చేతులు?

హైదరాబాద్ పాతబస్తీలో రంజాన్ సాయంత్రం మదీనా నుంచి చార్మినార్ మీదుగా షాలిబండ దాకా నడిచే సందర్శకుడి చూపు మొదట హలీమ్ భట్టీల మీద నిలుస్తుంది. ఇటుకలతో, మట్టితో కట్టిన ఆ పొయ్యిలో కుదురుకున్న పెద్ద దేగ్‌లో మాంసం, గోధుమలు, పప్పులు, నెయ్యి కట్టెల సన్నని సెగ మీద 12 గంటల దాకా ఉడుకుతుండగా, ఒకరిద్దరు మనుషులు పొడవాటి కర్ర గరిటెలతో వాటిని మెదుపుతూనే ఉంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకం చుట్టూ జరిగే పనిని గమనిస్తే, గిరాకీకి తగినంతమంది సిబ్బందిని తగిన వేళకు నిలపడం ఎంత కష్టమో తెలుస్తుంది.

వంటను ముందే ముగించవచ్చు గాని, వడ్డనను ముందే ముగించడం సాధ్యం కాదు. ఉన్న సిబ్బంది ఒక గంటలో ఎంతమందికి సేవ అందించగలరో దానినే సామర్థ్యం అంటారు. మధ్యాహ్నం ఖాళీగా గడిచిన గంటను దాచి, ఉపవాసం విరమించే ఇఫ్తార్ వేళకు వాడుకోలేరు కనుక, అది గోదాములోని సరుకు వంటిది కాదు. టెలిఫోన్ కాల్స్ రద్దీపై డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో వెలువరించిన పరిశోధనతో మొదలైన వరుసల శాస్త్రం ప్రకారం, సిబ్బంది సమయం నూటికి నూరుపాళ్లూ పనితో నిండే స్థితికి దగ్గరయ్యే కొద్దీ నిరీక్షణ విపరీతంగా పెరిగిపోతుంది. అందువల్ల నాలుగు గంటలకు కౌంటరు దగ్గర తీరికగా కనిపించే మనిషిని అదనపు ఖర్చుగా లెక్కించడం పొరపాటు.

దీనికి తోడు గిరాకీ తేదీ కూడా కదులుతుంది. తెలుగు పంచాంగం అధికమాసంతో ఋతువులను సరిచేసుకుంటుంది. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేనందున రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. 2030లో ఈ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి మొదలవుతుంది. ఎండాకాలపు అనుభవంతో వేసిన పని పట్టిక చలికాలపు రంజాన్‌కు సరిపోదు.

అదే బజారులోని దర్జీల మార్గం వేరు. చేతులను పెంచలేనప్పుడు వారు పండుగకు కొన్నాళ్ల ముందే కొత్త ఆర్డర్లు ఆపి, గిరాకీనే తమ సామర్థ్యానికి కుదిస్తారు. తప్పిపోయే గడువును ఒప్పుకోవడం కంటే ఇది మర్యాదైన పద్ధతి.

హలీమ్ దుకాణాలకు ఆ వీలు లేదు కాబట్టి భారం పనిగంటల మీద పడుతుంది. 2025లో మార్చి 2 నుంచి 31 వరకు దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకునేందుకు అనుమతించిన తెలంగాణ ప్రభుత్వం, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలని షరతు విధించింది. వడ్డించేవారిలో ఉపవాసం ఉన్నవారూ ఉంటారు. ఆ షరతు ప్రతి దుకాణపు జీతాల చిట్టాలోనూ అమలు కావాలి.