కాలు మోపకూడని తోట

పుస్తెలతాడులో నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసే పగడం తెలియని తెలుగిల్లు ఉండదు. కానీ ప్రాణంతో ఉన్న పగడాల్ని చూసినవాళ్లు ఎందరు? నీళ్లలోకి తల ముంచితే చాలు... కొమ్మలూ రెమ్మలూ వేసిన పగడాల తోట, దాని మధ్య రంగురంగుల చేపలు! ఇంటిల్లిపాదీ ఒక్కరోజులో చూసి రాగల ఆ వింత అండమాన్‌లో ఉంది.

మూడు దిక్కులకు పట్టాలు చీలే డోర్నకల్ జంక్షన్‌కు సముద్రం చాలా దూరం. పోనీ, రైలెక్కి మన తీరానికే వెళ్తే పగడపు దిబ్బలు కనిపిస్తాయా అంటే... ఆ భాగ్యం లేదు. కారణం మన నదులే. డోర్నకల్ చుట్టుపక్కల కురిసిన వాన మున్నేరులో చేరి, కృష్ణలో కలిసి బంగాళాఖాతానికి వెళ్తుంది. కృష్ణా గోదావరులు మోసుకెళ్లే మంచినీరూ ఒండ్రుమట్టీ మన పొలాలకు వరం. పగడాలకు మాత్రం గిట్టవు. వాటికి ఉప్పదనం తగ్గని, ఎండ లోపలిదాకా దిగే తేటనీరు కావాలి. విశాఖలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేయిస్తున్నా, అక్కడ చూడాల్సినవి ముఖ్యంగా నీటి అడుగు రాళ్లూ చేపలే. దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్నవి నాలుగే చోట్ల: మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు.

అక్కడా మనవాళ్లే!
హైదరాబాద్, చెన్నైల నుంచి విమానమెక్కితే రెండు గంటలకు పైగా ప్రయాణం... పోర్ట్ బ్లెయిర్ వచ్చేస్తుంది. 2024లో ఈ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు. తీరిక ఉన్నవాళ్లు చెన్నై నుంచి ఓడలోనూ వెళ్లొచ్చు. విశాఖ నుంచీ అప్పుడప్పుడూ ఓడ ఉంటుంది. రెండున్నర, మూడు రోజులు పడుతుంది. భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో.

ఊరికి పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో వండూర్ రేవు ఉంది. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు అదే వాకిలి. పొద్దున్నే అనుమతి పత్రం తీసుకుని పడవెక్కాలి. సోమవారం సెలవు. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లనివ్వరు. మడ అడవుల మధ్యనుంచి సాగే పడవ జాలీబాయ్ దీవికి చేరుతుంది. వానాకాలంలో దానికి బదులు రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. జాలీబాయ్‌లో పడవ ఒడ్డుదాకా వెళ్లదు. అక్కడినుంచి అడుగున గాజు అమర్చిన చిన్న పడవలోకి మారాలి. తాతయ్యలూ నానమ్మలూ బట్టలు తడవకుండానే పగడాల్ని చూసేది ఈ గాజులోంచే!

ఈత రాకపోయినా...
మిగతావాళ్లకు స్నార్కెలింగ్ ఉంది. కళ్లనూ ముక్కునూ మూసే అద్దం, నోట్లో ఒక గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. నీటిపై బోర్లా తేలుతూ కిందికి చూడటమే పని. గైడు పక్కనే ఉంటాడు. నోటితో ఊపిరి తీయడం మొదట ఇబ్బందే. నాలుగైదు నిమిషాల్లో అలవాటవుతుంది.

ఇంకా లోతుకు వెళ్లాలంటే స్కూబా. నార్త్ బేలోనూ, 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లోనూ చేయిస్తారు. సాధారణంగా పదేళ్లు నిండినవారికే అవకాశం. ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్తాడు. పది మీటర్ల లోతుకు దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవుల్ని సర్దుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి. డైవ్ చేసినరోజే విమానం ఎక్కకూడదు. కనీసం 18 గంటలు ఆగడం క్షేమం. కాబట్టి స్కూబాను ప్రయాణంలో చివరి రోజుకు పెట్టుకోవద్దు.

రాయి కాదు, ప్రాణి
డోర్నకల్ వైపు పల్లెల్లో నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. అలసిపోతే బావి గోడకున్న రాయిమీద కాలు ఆనించి నిలబడతారు. పగడాల దగ్గర పనికిరానిది సరిగ్గా అదే! కాలికింద రాయిలా తగిలేది వేల చిన్నచిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. గుండ్రాళ్లలాంటి పగడాలు ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే. పదేళ్ల పిల్లాడు నిలబడి విరగ్గొట్టిన ముక్క మళ్లీ అంతవ్వాలంటే వాడికి మీసాలు రావాలి. పైగా ఈ పగడాలు నగల్లోవి కావు. పుస్తెలతాడులో వేసే ఎర్ర పగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో పెరిగే వేరే జాతి. దిబ్బల పగడాలకు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం రక్షణ ఉంది. గుర్తుగా ఒక్క ముక్క తెచ్చుకున్నా నేరమే.

వీటికి రంగునూ తిండినీ ఇచ్చేది వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు. నీరు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడాలు ఆ నాచును వదిలేస్తాయి. తెల్లగా పాలిపోతాయి. వేడి తగ్గితే కోలుకుంటాయి, లేకుంటే చస్తాయి. 2010 వేసవిలో అండమాన్‌లో ఇదే జరిగింది. ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

సముద్రం వేడిని ఒక కుటుంబం తగ్గించలేదు. కాలు మోపకుండా, చేయి వేయకుండా, ముక్క విరవకుండా చూసి రావడం మాత్రం దాని చేతుల్లోనే ఉంది. వచ్చే సెలవులకు వెళ్లేవాళ్లు పిల్లలకు ఈత నేర్పినా నేర్పకపోయినా, ఈ ఒక్కటీ నేర్పితే చాలు. వాళ్ల పిల్లలకూ చూడటానికి ఆ తోట కొంతైనా మిగులుతుంది.