వంశవృక్షం గీసే గది

రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది దాకా పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు వల్ల కలుగుతాయి. మిగిలినవాటిలో మార్పులు పుట్టిన తర్వాత రొమ్ము కణాల్లో జరుగుతాయి, పిల్లలకు సంక్రమించవు. ఈ తేడాను తేల్చేది జన్యు సలహా విభాగం. హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగానికి వెళ్లి చూస్తే, ఒక బల్ల, కొన్ని కుర్చీలు, తెల్లకాగితాలు తప్ప మరేమీ కనిపించవు. సలహాదారు మొదట వంశవృక్షం గీస్తారు. ఆడవారికి వలయం, మగవారికి చతురస్రం. జబ్బు వచ్చినవారి గుర్తును నల్లగా నింపుతారు, కన్నుమూసినవారి గుర్తు మీద ఏటవాలు గీత గీస్తారు. ఏ అవయవంలో, ఎన్నో ఏట వచ్చిందో పక్కనే రాస్తారు. కనీసం మూడు తరాల వివరాలు కావాలి.

"మా అమ్మవైపు ఎవరికీ లేదండీ" అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు ఇక్కడే. మార్పు ఉన్నది తల్లిలోనైనా తండ్రిలోనైనా, కొడుకుకైనా కూతురుకైనా అది చేరే అవకాశం సగానికి సగం. తండ్రికి ఏ జబ్బూ లేకపోయినా, మేనత్తకు కారణమైన మార్పే మేనకోడలికీ అంది ఉండవచ్చు. అందుకే నాయనమ్మ గురించి, మేనత్తల గురించి సలహాదారు గుచ్చి గుచ్చి అడుగుతారు. మేనరికం జరిగిన ఇంట ఆ దంపతులను జంటగీతతో కలుపుతారు. ఆ గీతకు విలువుంది: రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ2 అనే జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడినదే వచ్చిన బిడ్డకు ఫాంకోని రక్తహీనత అనే అరుదైన, తీవ్రమైన వ్యాధి రావచ్చు.

పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా 1866లోనే తన భార్య కుటుంబంలో తరతరాలుగా వస్తున్న క్యాన్సర్లను నమోదు చేశాడు. కారణం తెలియడానికి శతాబ్దం పైనే పట్టింది. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోముపై బీఆర్‌సీఏ1 చోటు చూపింది. ఆ జన్యువు 1994లో దొరికింది. 13వ క్రోమోజోముపై ఉన్న బీఆర్‌సీఏ2 ఆ మరుసటి ఏడాది దొరికింది.

ఈ రెండు జన్యువులూ అందరిలో ఉంటాయి, ఉండాలి కూడా. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినచోట తప్పు లేకుండా అతికే ప్రోటీన్లు వీటి నుంచే తయారవుతాయి. ప్రతి కణంలో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి పుట్టుకతోనే చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఏదో ఒక కణంలో అది కూడా పోతే మరమ్మతు కుంటుపడి, తప్పులు పోగవుతాయి. మార్పు ఉన్నవారందరికీ క్యాన్సర్ రాకపోవడానికీ, వచ్చినవారికి తరచు చిన్న వయసులోనే రావడానికీ కారణం ఇదే. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ ముప్పు బీఆర్‌సీఏ1 మార్పుతో సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2తో 69 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు 44, 17 శాతం. చెక్2, ఏటీఎం జన్యువుల్లో మార్పులు ముప్పును అంతగా పెంచవు. టీపీ53లో మార్పు అరుదు, కానీ చాలా తీవ్రమైనది.

పరీక్షకు కావలసింది కొద్దిపాటి రక్తమే. వీలైతే జబ్బు వచ్చిన మనిషికే ముందు చేయాలి. ఆమెలో మార్పు దొరికితే, అక్కచెల్లెళ్లలో, అన్నదమ్ముల్లో, పిల్లల్లో వెతకాల్సింది ఆ ఒక్కదాన్నే. నివేదికల్లో ఎక్కువ గందరగోళం తెచ్చేది అర్థం ఇంకా తేలని మార్పు. మన దేశపు జన్యు సమాచారం ప్రపంచ పట్టికల్లో తక్కువ కాబట్టి ఇలాంటివి మనవారికి ఎక్కువగా వస్తాయి. దాన్ని చూసి శస్త్రచికిత్సకు సిద్ధపడటం సరికాదు.

హానికర మార్పు ఖాయమైతే చేయగలిగింది చాలా ఉంది. 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 దాటాక మామోగ్రాం కూడా. పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారిలో 35–40 ఏళ్ల మధ్య, అండాశయాలను, ఫలోపియన్ నాళాలను తీయించమని సూచిస్తారు. ముందుగా రొమ్ములు తీయించుకుంటే ముప్పు 90 శాతం దాకా తగ్గుతుంది, అయితే ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే. జబ్బు వచ్చినవారికి ఒలాపరిబ్ వంటి మందులు ఈ మరమ్మతు లోపాన్నే ఆసరా చేసుకుని క్యాన్సర్ కణాలను చంపుతాయి. బీఆర్‌సీఏ2 మార్పు ఉన్న మగవారు ప్రొస్టేట్ పరీక్షలు చేయించుకోవాలి.

ఆడపిల్ల పెళ్లికి అడ్డవుతుందని నివేదికను దాచే ఇళ్లున్నాయి. దాచిన కాగితం అక్కచెల్లెళ్లలో ఎవరినీ కాపాడదు. ఇంట్లో 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవారిలో రొమ్ము క్యాన్సర్: వీటిలో ఒక్కటి కనిపించినా, అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ వయసులో ఏం వచ్చిందో పెద్దలను అడిగి రాసుకోండి. ఆ కాగితం తీసుకుని వైద్యుల దగ్గరికి వెళ్లండి.