ఈపర్‌లో రెండు రోజులు

లండన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు ఈస్టర్ సెలవులకు కార్లో బయల్దేరితే పారిస్‌లోనో, హాలండ్ తులిప్ తోటల్లోనో తేలతాయి. కలే దగ్గర సొరంగం రైలు దిగి గంటంపావు నడిపితే వచ్చే ఈపర్ అనే బెల్జియం ఊరికి ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు. మేం వెళ్ళాం. మా అమ్మాయికి స్కూల్లో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం నడుస్తోంది. నేనేమో ఊపిరితిత్తుల డాక్టర్ని. విషవాయువు గురించి పుస్తకాల్లో చదవడమే గానీ అది మొదటిసారి పెద్ద ఎత్తున వదిలిన పొలాలు ఎలా ఉంటాయో చూడాలని ఎప్పటినుంచో ఉంది. మా ఆవిడ మాత్రం "సెలవుల్లో కూడా ఆసుపత్రేనా?" అంది. బెల్జియం చాక్లెట్లు చూపించి ఒప్పించాను.

ఈ ఊరికి మూడు పేర్లు. అక్కడివాళ్ళు ఈపర్ అంటారు, ఫ్రెంచివాళ్ళు ఈప్ర్ అంటారు. నోరు తిరగని బ్రిటిష్ సిపాయిలు వైపర్స్ అన్నారు. మా తొమ్మిదేళ్ళవాడికి ఆ మూడోది తెగ నచ్చేసింది. ఊరి మధ్యలో ఉన్ని బట్టల వర్తకం జరిగిన పెద్ద భవనం ఉంది, క్లాత్ హాల్. చూస్తే ఏడెనిమిది వందల ఏళ్ళనాటిది అనిపిస్తుంది. నిజానికి యుద్ధంలో నేలమట్టమైపోతే పాతదానిలాగే మళ్ళీ కట్టుకున్నారు. ఆ పని 1967 దాకా సాగింది. అందులోనే ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్ మ్యూజియం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

కానీ నాకు విషయం బోధపడింది మ్యూజియంలో కాదు, ఊరికి ఉత్తరాన లాంగెమార్క్ వైపు పొలాల్లో. మన గోదావరి డెల్టా చూసినవాళ్ళకి ఆ నేల కొత్తగా ఉండదు. ఎటు చూసినా చదును, పొలాల వెంబడి మురుగు కాలవలు, కాస్త తవ్వితే నీళ్ళు. అక్కడక్కడా గట్టు అనుకునేంత ఎత్తు. ఆ కాస్త ఎత్తు కోసమే నాలుగేళ్ళు కొట్టుకు చచ్చారు.

1915 ఏప్రిల్ 22 సాయంత్రం సుమారు 5 గంటలకు జర్మన్లు ఇక్కడ 5,730 సిలిండర్ల మూతలు తిప్పారు. ఆరు కిలోమీటర్ల పొడవునా 150 టన్నులకు పైగా క్లోరిన్ బయటికి వచ్చింది. అనుకూలమైన గాలి కోసం అంతకుముందు రోజుల తరబడి కాచుకు కూర్చున్నారు. ఎదురుగా ఉన్నది ఫ్రెంచి సైన్యం, అందులో అల్జీరియా నుంచి తెచ్చిన సిపాయిలు చాలామంది. పచ్చగా, కాస్త పసుపు కలిసిన పొగ నేలను పట్టుకుని పాకుతూ రావడం చూశారు. అదేమిటో వాళ్ళకి తెలియదు.

క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోదు, నీళ్ళలాగా పల్లం వెతుక్కుంటుంది. తుపాకీ గుండు నుంచి కాపాడటానికి తవ్విన కందకమే దానికి పల్లం. అందులో దాక్కున్నవాడికి ఎక్కువ తగిలింది, గట్టు మీద నిలబడ్డవాడికి తక్కువ. గాలితోపాటు వెనక్కి పరుగెత్తినవాళ్ళు మేఘంతోపాటే పరుగెత్తారు, పైగా ఆయాసంతో ఇంకా లోతుగా పీల్చారు. అక్కడ నిలబడి ఆ పల్లాన్నీ ఆ గట్టునీ చూశాక, నేను ఏనాడో బట్టీపట్టిన రెండు పేజీలు ఒక్కసారి కళ్ళకు కట్టాయి.

లోపల జరిగేది ఇది. క్లోరిన్ తడి తగిలితే ఆమ్లంగా మారుతుంది. మన కళ్ళు తడి, గొంతు తడి, ఊపిరితిత్తుల్లోని గాలిసంచులు మరీ తడి. వాటి పలచని గోడలు కాలిపోయి రక్తంలోని నీరు లోపలికి ఊరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరు నిండుతుంది. నేలమీద ఉండే మునిగిపోవడం అన్నమాట. దీనికి విరుగుడు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇప్పుడైతే ఆక్సిజన్ ఇస్తాం, అవసరమైతే వెంటిలేటర్ పెడతాం, ఊపిరితిత్తులు కోలుకునేదాకా మనిషిని నిలబెడతాం. అంతే.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే కొంత మేలని, నీళ్ళు లేకపోతే మూత్రంతో తడిపినా పనిచేస్తుందని కెనడా దళంలో కెమిస్ట్రీ తెలిసిన అధికారులు చెప్పారు. ఇది విని మావాడు పగలబడి నవ్వాడు. ఆ గుడ్డ కట్టుకుని నిలబడ్డవాళ్ళలో కొందరు బతికి బయటపడ్డారని చెప్పాక నవ్వు ఆపాడు. సెయింట్ జూలియన్ దగ్గర ఆ కెనడా సిపాయిల స్మారకం ఉంది. ఎత్తైన రాతి స్తంభం, పైన తల వంచుకుని, తిప్పి పట్టిన తుపాకీ మీద చేతులు ఆనించిన సైనికుడు. నేను చూసిన యుద్ధ స్మారకాల్లో గెలుపు గొప్పలు లేనిది ఇదొక్కటే.

ఈ పని దగ్గరుండి నడిపించినవాడు ఫ్రిట్జ్ హేబర్. గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా చేసే దారి కనిపెట్టినవాడు కూడా ఆయనే, 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి దానికే. మన పొలాల్లో వేసే యూరియా బస్తాకి మూలం ఆ అమ్మోనియా. యూదుల ఇంట పుట్టినవాడు కావడంతో 1933లో ఆయన జర్మనీ వదిలిపోవాల్సి వచ్చింది. ఆయనంటే ఏమనుకోవాలి అని మా అమ్మాయి కార్లో అడిగింది. నా దగ్గర సమాధానం లేదు, "మీ టీచర్ని కూడా అడుగు" అన్నాను.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ 26న భారత సైన్యపు లాహోర్ డివిజన్ని ఇక్కడ ముందుకు తోశారు. సిక్కులు, పంజాబీ ముస్లింలు, పఠాన్లు, గూర్ఖాలు. మాస్కులు లేవు. తలపాగా కొంగులు తడిపి ముక్కుకు చుట్టుకున్నారు. ఆ పోరులో ఆ డివిజన్ నుంచి చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు కలిపి నాలుగు వేలకు దగ్గర. గ్యాస్ మధ్యలోనే ఎనిమిదిమంది అధికారుల్ని మోసుకొచ్చిన జమేదార్ మీర్ దస్త్‌కి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆయనకూ గ్యాస్ తగిలింది. ఆ ఆగస్టులో బ్రైటన్ ప్యాలెస్ ఆవరణలో, అప్పట్లో అది భారత సిపాయిల ఆసుపత్రి, ఐదో జార్జి రాజు స్వయంగా పతకం పెట్టాడు. బ్రైటన్‌కి ఐస్‌క్రీం తినడానికి ఎన్నిసార్లు వెళ్ళామో!

ఈపర్ ఊరి అంచున మెనిన్ గేట్ అనే పెద్ద ద్వారం ఉంది. దేహం దొరకని 54 వేలమందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కారు. అందులో భారతీయులు నాలుగు వందలకు పైగా. రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ బూరలు ఊదుతారు. ఆ వేళకు రోడ్డు మీద కార్లు ఆపేస్తారు. పక్కనే కోట గట్టు మీద మన నాలుగు సింహాల స్మారకం కూడా ఉంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు.

మర్నాడు ఎసెక్స్ ఫార్మ్ చూశాం. కాలువ గట్టులోకి కట్టిన కాంక్రీటు గదులు, తల వంచి దూరాలి, లోపల చెమ్మ. గాయపడినవాళ్ళకి కట్లు కట్టిన చోటు. ఇక్కడ పనిచేసిన కెనడా డాక్టర్ జాన్ మెక్రే 1915 మేలో రాసిన కవితే మ్యూజియానికి పేరిచ్చింది.

క్లోరిన్‌కి రంగూ ఘాటూ ఉన్నాయి, వస్తోందని తెలుస్తుంది. 1915 డిసెంబరులో ఇక్కడే బ్రిటిష్ దళాల మీద వదిలిన ఫాస్జీన్ అలా కాదు. పాత గడ్డి వాసన, అంతే. పీల్చినవాడు కాస్త దగ్గి బాగానే ఉన్నానంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. ఈలోగా నడిస్తే, బరువు మోస్తే మరీ ప్రమాదం. బాగున్నానని నవ్వేవాణ్ణి కూడా స్ట్రెచర్ మీదే మోయాలని డాక్టర్లు చూసి చూసి నేర్చుకున్నారు.

1917 జులై 12 రాత్రి మూడోది వచ్చింది, మస్టర్డ్ గ్యాస్. ఫ్రెంచివాళ్ళు దానికి ఈ ఊరి పేరే పెట్టి ఈపెరైట్ అన్నారు. "నాన్నా, అందులో మన ఆవపిండి ఉంటుందా?" అని మావాడి అనుమానం. లేదు, వాసన కొంచెం ఆవాలలా, వెల్లుల్లిలా ఉంటుందని ఆ పేరు. అసలది గ్యాసే కాదు, నూనెలాంటి ద్రవం. చలికి గడ్డకట్టి మట్టిలో ఉండిపోతుంది, ఎండ పడితే ఆవిరవుతుంది. తగిలినప్పుడు నొప్పి ఉండదు. గంటల తర్వాత కళ్ళు మూసుకుపోతాయి, చంకల్లో, గజ్జల్లో, చెమట పట్టిన ప్రతిచోటా బొబ్బలు లేస్తాయి. బట్టలకు అంటుకున్నది వెచ్చటి గదిలో ఆవిరై, సేవ చేస్తున్న నర్సులకూ తగిలింది. దీనికీ విరుగుడు లేదు, వెంటనే కడిగేయడమే.

మస్టర్డ్ తగిలినవాళ్ళలో తెల్ల రక్తకణాలు పడిపోవడం అప్పటి డాక్టర్లు గమనించారు. ఆ ఆనవాలు పట్టుకునే 1942లో అమెరికాలో దాని దాయాది నైట్రోజన్ మస్టర్డ్‌ని లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి ఇచ్చి చూశారు. క్యాన్సర్ మందుల మొదటి పాయ అది. కొద్ది ఏళ్ళకే రెండో పాయ కలిసింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు.

"ఇప్పుడెవరూ వాడరు కదా?" అని అడిగింది అమ్మాయి. 1925 జెనీవా ఒప్పందం వాడకాన్ని నిషేధించింది. 1997లో అమల్లోకి వచ్చిన ఒప్పందం తయారీనీ నిల్వనీ కూడా నిషేధించింది. భారత్ తన నిల్వల్ని 2009కల్లా ధ్వంసం చేసింది, అమెరికా 2023లో ముగించింది. అయినా 1988లో హలబ్జా, 1995లో టోక్యో మెట్రో, 2013లో సిరియాలోని ఘూటా. అంత దూరమెందుకు, 2018లో మన సాలిస్‌బరీ. అబద్ధం చెప్పలేకపోయాను.

టోక్యోలో, ఘూటాలో వాడిన సారిన్ వేరే కుటుంబం. ఆ జాతి నరాల విషాల్లో మొదటిది 1936లో జర్మనీలో పురుగుమందుల కోసం వెతుకుతుంటే బయటపడింది. పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు దానికి బంధువులే. గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాత్రి డ్యూటీల్లో ఈ కేసులు ఎన్ని చూశానో లెక్కలేదు. సూదిమొనంత కంటిపాపలు, నోటినిండా చొంగ, వంటినిండా చెమట, ఛాతీలో గరగర. ఆ గరగర తగ్గేదాకా ఆట్రోపిన్ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తూ పక్కనే కూర్చునేవాళ్ళం. సైనికుల జేబుల్లో పెట్టే విరుగుడు సూదిలో ఉండేదీ ఆ ఆట్రోపినే. ముఖానికి తువ్వాలు కట్టుకుని గాలికి ఎదురుగా మందు కొట్టే రైతు, తలపాగా కొంగు తడుపుకున్న సిపాయి, నాకు ఒకేలా కనిపిస్తారు.

వచ్చేముందు పూల్‌కాపెల్ వైపు వెళుతుంటే రోడ్డు పక్కన కరెంటు స్తంభం మొదట్లో తుప్పుపట్టిన రెండు ఇనుప ముద్దలు పెట్టి ఉన్నాయి. మావాడు చెయ్యి పెట్టబోతే వాళ్ళమ్మ కేక వేసింది. అవి పేలని ఫిరంగి గుండ్లు. మేం దిగిన ఇంటావిడ చెప్పింది, దున్నినప్పుడల్లా వస్తూనే ఉంటాయట. రైతు వాటిని రోడ్డు పక్కన పెట్టి పోలీసులకు ఫోన్ చేస్తాడు, సైన్యం లారీ వచ్చి తీసుకుపోతుంది. ఏటా వంద టన్నులకు మించే దొరుకుతాయి. పూల్‌కాపెల్‌లోని సైనిక కేంద్రంలో ఎక్స్‌రే తీసి లోపల విషద్రవం ఉందో లేదో చూసి విడదీస్తారు. 2014 మార్చిలో ఈపర్‌లోనే కట్టడం పనిచేస్తున్న ఇద్దరు కూలీలు ఇలాంటి పాత గుండు పేలి చనిపోయారు.

పిల్లలకు ఇక్కడ నడక వచ్చినప్పటినుంచీ ఒకటే నేర్పుతాం, పొలంలో ఇనుము కనిపిస్తే ముట్టుకోవద్దని, అంది ఆవిడ. అలా చెబుతూనే కిటికీ బయట ట్రాక్టర్ మీదున్న వాళ్ళాయనకి కాఫీ చల్లారిపోతోందని చెయ్యి ఊపింది. ఆయన బంగాళదుంపలు నాటుతున్నాడు.